దుప్పట్ల వెనక మూడో పెట్టె

ఫిల్మ్‌నగర్‌లో పరబ్రహ్మాన్ని ఎరగనివాళ్లు తక్కువ. ఎరిగినవాళ్లలో ఆయన పనేమిటో సరిగ్గా చెప్పగలిగినవాళ్లు ఇంకా తక్కువ. కో-డైరెక్టర్ అంటారు. పొద్దున్నే ఆర్టిస్టు కారెక్కాడా లేదా అన్న దగ్గర్నుంచి, నిన్నటి సీన్లో హీరో మడిచిన చొక్కా చెయ్యి ఎడమదా కుడిదా అన్న దాకా అంతా ఆయన తలలోనే ఉండాలి. షాట్ మొదలయ్యే ముందు "సైలెన్స్!" అని అరవాల్సిందీ ఆయనే. సినిమా ఆడితే పేరు డైరెక్టరుది. ఆడకపోతే "ముందే చెప్పొచ్చుగా పరబ్రహ్మం" అని తిట్లు మాత్రం ఈయనకి. గుడివాడ నుంచి మనసులో ఒక కథ పెట్టుకుని బస్సెక్కాడు, సొంతంగా ఒక్క సినిమా తీస్తానని. అరవై దాటాక కూడా ఆ కథ ఆయన మనసులోనే ఉంది.

అడగలేదా అంటే, అడిగాడు. నిర్మాతల ఆఫీసుల్లో కూర్చుని ఆ కథ చెప్పీ చెప్పీ అలసిపోయాడు. విన్నవాళ్లంతా బాగుందన్నారు, కాఫీ ఇప్పించారు, ఇంటర్వెల్ దగ్గర ఏదో తగ్గిందన్నారు. ఆయన దగ్గర క్లాప్ కొట్టిన పిల్లలు డైరెక్టర్లయిపోయి జూబ్లీహిల్స్‌లో ఇళ్లు కట్టుకున్నారు. వాళ్ల గుమ్మం ఎక్కి "నాకో సినిమా ఇప్పించు" అనడం మాత్రం ఆయనకి చేతకాలేదు. మనిషిలో ఉన్న పొగరంతా అదే. మిగతాదంతా నమ్మకం. ఇన్నేళ్లు నిలబడ్డాం, మన వంతు రాకుండా ఎక్కడికి పోతుందన్న నమ్మకం. ఆ నమ్మకం ఆయనొక్కడిదే అనుకోకండి. కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర ఎవర్ని కదిపినా అదే మాట చెబుతారు, ఎన్నాళ్లు ఎదురుచూస్తే అంత దగ్గరికి వచ్చినట్టు.

ఇల్లు గడిచింది మాత్రం భార్య శ్యామలాదేవి గొంతు మీద. ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్టు. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక పెద్ద హీరోయిన్‌కి తెలుగు ముక్క రాదు. ఆ అమ్మాయి తెర మీద నవ్వినా ఏడ్చినా అలిగినా ఆ గొంతు శ్యామలది. హాల్లో ఆడవాళ్లు కొంగులు తడుపుకుంటుంటే, వెనక వరసలో కూర్చున్న శ్యామలని పక్కావిడ కూడా గుర్తుపట్టేది కాదు. తర్వాత ఆ హీరోయిన్ పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. కొత్త అమ్మాయిలకి కొత్త గొంతులొచ్చాయి. శ్యామల సీరియళ్లలో అత్తలకీ, ప్రకటనల్లో బామ్మలకీ చెప్పింది. ఆ పనులు ఇంట్లోనే చేసుకోవడానికి వంటింటి పక్క స్టోరు గదిని సొంత డబ్బుతో బాగుచేయించుకుంది. గోడలకి పరుపులు, వాటి మీద వేలాడే దుప్పట్లు, తలుపుకి రబ్బరు అంచు, చిన్న ఏసీ, మధ్యలో మైకు. ఆ తలుపు వేసుకుంటే బయట బాంబు పడినా వినపడదు. కొన్నాళ్లకి ఆ పనులూ పలచబడ్డాయి. ఆవిడ రోజూ ఆ గది తుడిచి, మైకు మీద గుడ్డ కప్పి వచ్చేది.

ఇలా ఉండగా పెట్టె వచ్చింది.

పరబ్రహ్మం ఒక నిర్మాత ఆఫీసుకి కథ చెప్పడానికి వెళ్లాడు. నిర్మాత రాలేదు. కొడుకు కౌస్తుభ్ ఉన్నాడు. అతని బల్ల మీద అరచేతిలో పట్టేంత పెట్టె, ముందు చిన్న తెర, వెనక చిన్న ఫ్యాను. తెర మీద అంకెలు పరుగెడుతున్నాయి.

"ఏంటి బాబూ ఇది?"

"బిట్‌కాయిన్ మైనింగ్ అంకుల్. ప్రపంచంలో ఉన్న ఇలాంటి మెషీన్లన్నీ ఒక నంబర్ కోసం వెతుకుతుంటాయి. దాదాపు పది నిమిషాలకోసారి ఎవరో ఒకరికి తగులుతుంది. తగిలినవాడికి మూడు కాయిన్ల పైన. ఇవాళ్టి రేటుకి రెండున్నర కోట్లు దాటుతుంది."

"ఇంత చిన్నదానికి కూడా తగులుతుందా?"

"తగలొచ్చు. ఛాన్స్ అయితే ఉందిగా," అన్నాడు కౌస్తుభ్ నవ్వుతూ.

ఛాన్స్! ఆ మాట ఫిల్మ్‌నగర్ మనిషి దగ్గర అంత తేలిగ్గా వాడకూడదు. రెండున్నర కోట్లంటే కొత్త నటులతో, ముప్ఫై అయిదు రోజుల షెడ్యూల్లో, ఆయన కథ ఎంతలో తయారవుతుందో సరిగ్గా అంత. ఎవరి గుమ్మం ఎక్కక్కర్లేదు, ఎవరికీ ఇంటర్వెల్ మార్చక్కర్లేదు. ఇంటికి తిరిగొచ్చేసరికి కెమెరామన్ ఎవరో కూడా అనుకున్నాడు. ఆ వారమే దాచుకున్న డబ్బులో ఒక పెట్టె తెప్పించాడు. ఒకటి ఒంటరిగా ఏం చేస్తుందిలే అనిపించి ఇంకో రెండు తెప్పించాడు.

వైర్లు లాగడానికి రహమత్ నగర్ నుంచి జంగయ్య వచ్చాడు. ఒకప్పుడు లైట్‌మన్, ఇప్పుడు కరెంటు పనులు చేసుకుంటాడు. హాలంతా చూసి తల అడ్డంగా ఊపాడు.

"గీడ పెడితే దుమ్ము పట్టి ఖరాబైతయి సార్. ఫ్యాన్ల మోతకు మీకు నిద్ర గూడ పట్టది. అమ్మగారి రూముల ఏసీ ఉంది, ఇన్వర్టర్ లైను గూడ గాడనే ఉంది. గాడ పెడుదమా?"

పరబ్రహ్మం భార్య వైపు చూశాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"పెట్టుకోండి. నాకెలాగూ పని లేదుగా," అంది.

ఆ మాటలో ఏముందో ఆయనకి తెలియక కాదు. తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాడు. జంగయ్య మైకు స్టాండు మూలకి జరిపి, చెక్క బల్ల వేసి, మూడు పెట్టెలూ వరసగా పెట్టి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి ఆయన పొద్దు మారిపోయింది. లేవగానే మొహం కూడా కడక్కుండా గదిలోకి. ఒక్కో పెట్టె తెర మీద అప్పటిదాకా వెతికినవాటిలో అన్నిటికన్నా పెద్ద అంకె కనిపిస్తుంది. కోట్లు రావాలంటే అది ఇంకా ఎన్నో రెట్లు పెరగాలి. అది వారానికీ పది రోజులకీ ఒకసారి పైకి ఎగబాకుతుంది. ఎగబాకిన రోజున ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఫిల్మ్‌నగర్ గుడి దాకా నడిచి వచ్చేవాడు. మొదటి సిట్టింగ్ అయింది, రెండో సిట్టింగ్‌కి పిలిచారు, ఇక అడ్వాన్సే తరువాయి అన్నట్టుండేది మనిషి వాలకం.

కూతురు అపూర్వకి బంజారా హిల్స్‌లో బ్యాంకు ఉద్యోగం. ఒక ఆదివారం వచ్చి కరెంటు బిల్లు చూసి కళ్లు తేలేసింది. పెట్టెలు తినేది కొంచెమే. మూసిన గదిలో వేడెక్కకుండా పగలూ రాత్రీ నడుస్తున్న ఏసీ బిల్లుని పై స్లాబులోకి ఎక్కించేసింది.

"నాన్నా, కోప్పడకుండా విను. పదిమందితో కలిపి నడిపితే, వచ్చింది వాటాలేసుకుంటే, ఒక్కో పెట్టెకి రోజుకి అయిదు రూపాయలొస్తే గొప్ప. అవి దాని కరెంటుకే సరి. పెట్టె కొన్న డబ్బు ఎప్పటికీ రాదు. నువ్వేమో ఒంటరిగా నడుపుతున్నావు. ఒంటరిగా అయితే ఈ మూడిటికీ కలిపి సగటున అయిదు వేల ఏళ్లకోసారి తగులుతుంది."

"సగటు కదమ్మా. రేపే తగలకూడదని రాసిపెట్టి ఉందా?"

"లేదు. తగలొచ్చు."

"మరి అంకె పెరుగుతోంది కదా. దగ్గరపడుతున్నట్టేగా?"

అపూర్వ తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. "దగ్గరపడటం అంటూ ఇందులో లేదు నాన్నా. ఈ పెట్టెకి నిన్నటి సంగతి గుర్తుండదు. ప్రతి క్షణం మళ్లీ మొదటినుంచే. నువ్వు పదేళ్లు నడిపావనుకో, ఈ పూట కొత్తగా పెట్టినవాడికి ఎంత ఛాన్సో నీకూ అంతే. ఇక్కడ వరసా లేదు, వంతూ లేదు."

లెక్క ఆయనకి అర్థమైంది. అర్థం కాకపోవడానికి ఆయనేమీ తెలివితక్కువవాడు కాడు. కానీ ఎన్నేళ్లు నిలబడ్డా నిన్న వచ్చినవాడితో సమానమే అంటే ఆ మనిషి ఎలా ఒప్పుకుంటాడు చెప్పండి? ఒప్పుకుంటే ఆ మాట పెట్టెలతోనే ఆగుతుందా? తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

"పోనివ్వవే," అంది శ్యామల లోపల్నుంచి. "మీ నాన్న ఏదో ఒకదాని కోసం పొద్దున్నే లేస్తున్నారు. ఆయన్నలా ఉండనీ."

అపూర్వ ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

వర్షాలు తగ్గాక ఒక పొద్దున శ్యామలకి ఫోను వచ్చింది. సౌండ్ ఇంజనీరు సాయిశ్రీనివాస్. డైరెక్టర్ అరవింద్ కొత్త సినిమాలో తల్లి వేషానికి ఆ పాత హీరోయిన్ మళ్లీ వస్తోందట. ఆవిడకి అప్పటి గొంతే పెడదామని అరవిందే అన్నాడట.

"ఒక పేజీ పంపిస్తున్నానమ్మా. ఇంట్లోనే చెప్పేసి సాయంత్రంలోగా పంపించండి. వాళ్లు వింటారు. అంతా ఓకే అయితే స్టూడియోకి పిలుస్తాను."

శ్యామల ఫోను పెట్టేసి కాసేపు కుర్చీలోంచి లేవలేదు. తర్వాత తలంటుకుంది. మిరియాల పాలు తాగింది. మైకుకి కనపడుతుందా పెడుతుందా, అయినా మంచి చీర కట్టుకుంది. కాగితం చేత్తో పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతూ మాటలు నోట్లో తిప్పుకుంటుంటే పరబ్రహ్మం చూస్తూ ఉండిపోయాడు. ఎన్నాళ్లయింది ఆవిడని అలా చూసి!

"ఏవండీ, ఒక్క గంట ఆ పెట్టెలు ఆపుతారా?"

"అడగాలా? ఇదిగో," అని లేచాడు.

ఏసీ ఆపాడు. మొదటి పెట్టె ఆపాడు. రెండోది ఆపాడు. మూడోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ పొద్దున్నే దాని అంకె ఎప్పుడూ లేనంత పైకి ఎక్కింది. అంతకు ముందున్నదానికి ఎన్నో రెట్లు. ఇన్నాళ్లకి ఊపు వచ్చినప్పుడు, ఇప్పుడా ఆపడం? ఈ గంటలోనే తగిలితే? కూతురి మాటలు గుర్తున్నాయి. అయినా చెయ్యి రాలేదు. అరచేతిలో పట్టే పెట్టె, వేలెడంత ఫ్యాను, ఏం వినపడుతుందిలే అనుకున్నాడు. దాన్ని బల్ల మీంచి తీసి, మూలన వేలాడే దుప్పట్ల వెనక పెట్టి, వైరు కనపడకుండా చాప కప్పి బయటికొచ్చాడు. సెట్లో ఆమడ దూరంలో జనరేటర్ గుర్రుమంటే చెవి నిక్కించి షాట్ ఆపించిన మనిషండీ ఆయన! ఆ పని చేసింది ఆయనే.

గంట తర్వాత శ్యామల బయటికొచ్చింది. చెంపలు ఎర్రబడ్డాయి, కళ్లలో తడి.

"చెప్పేశానండీ. మొదట్లో తడబడ్డాను కానీ, ఆ కొడుకుతో మాట్లాడే చోట వచ్చేసింది. దానంతట అదే వచ్చేసింది," అంది.

మర్నాడు ఎదురుచూశారు. ఆ పై రోజూ చూశారు. తర్వాత సాయిశ్రీనివాస్ ఫోన్ చేసి, వేరే గొంతు అనుకున్నారమ్మా, ఏమీ అనుకోకండి, అన్నాడు. "ఫర్వాలేదు నాన్నా" అంది శ్యామల. పెట్టేసి గదిలోకి వెళ్లి తాను చెప్పింది మళ్లీ మళ్లీ విన్నది. అన్నానికి పిలిచినా రాలేదు. చివరికి ఇయర్‌ఫోన్లు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఎక్కడ చెడిందో మీరు చెప్పండి. నా చెవికి అందట్లేదు. నిజం చెప్పండి, నా గొంతు పోయిందా?"

ఆయన పెట్టుకున్నాడు. ఆ తల్లి కొడుకుతో మాట్లాడుతోంది. మాటకీ మాటకీ మధ్య ఆగిన చోట, ఊపిరి పీల్చిన చోట, సన్నగా, ఎడతెగకుండా, ఒక మోత. దోమ మోతంత. మూడో పెట్టె ఫ్యాను. "మళ్లీ వింటాను" అని మాత్రం అన్నాడు.

సెట్లో ఒక పద్ధతి ఉంది. షాట్ నడుస్తుండగా ఎవడి ఫోనో మోగినా, ఎవడి కాలికో డబ్బా తగిలినా, ఆ చేసినవాడు తనంతట తాను చెయ్యెత్తాలి. ఎత్తితే ఎవరూ తిట్టరు. ఆర్టిస్టు తప్పు కాదని తేలిపోతుంది, ఇంకో టేక్ తీసుకుంటారు. ఎత్తకపోతే మాత్రం ఆ మచ్చ ఆర్టిస్టు మీద ఉండిపోతుంది. చెయ్యెత్తనివాణ్ణి పరబ్రహ్మం తన యూనిట్లో ఉంచుకునేవాడు కాదు. మర్నాడు పొద్దున ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, ఆటో ఎక్కి, జీవితంలో ఎక్కనన్న గుమ్మం ఎక్కాడు. అరవింద్ ఒకప్పుడు ఆయన దగ్గర క్లాప్ కొట్టినవాడే.

అరవింద్ ఎదురొచ్చి కాళ్లకి దణ్ణం పెట్టాడు. "గురువుగారూ! ఇన్నేళ్లకి మా ఆఫీసుకొచ్చారా! కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణిగా."

పరబ్రహ్మం కూర్చోలేదు. నిలబడే కుడి చెయ్యి పైకెత్తాడు.

"మోత నాది అరవింద్. శ్యామల చెప్పేటప్పుడు గదిలో నా మెషీను ఒకటి నడుస్తోంది. నేను ఆపలేదు. ఆవిడకి తెలీదు. ఆవిడ తప్పు లేదు. ఇంకొక్క టేక్ ఇప్పించు."

అరవింద్ మొహంలో నవ్వు పోయింది. ఆయన చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించి, గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశాడు.

"ఆ మోత నేను విననే లేదండీ. సాయి దాన్ని ముందే తీసేసి వినిపించాడు. మోత వల్ల కాదు."

"మరి?"

అరవింద్ కాసేపు కాగితాలు సర్దాడు. "ఆ హీరోయిన్‌కి వినిపించాం. ఈ గొంతు పెడితే నేను ముసలిదాన్నయిపోతాను, ఇది నా గొంతు కాదు అంది. నేను నచ్చజెప్పి చూశాను. నిజానికి గురువుగారూ, నాక్కూడా... అమ్మగారి గొంతులో ఆ పదును ఇప్పుడు లేదండి. వయసు వచ్చేసింది. నన్ను క్షమించండి."

ఆటో పిలుస్తానన్నా వినకుండా పరబ్రహ్మం నడిచే వచ్చాడు. ఎండ మాడుస్తోంది. ఇది నా గొంతు కాదు అందట! తెలుగులో నాలుగు మాటలు పలకడం రాని ఆ పిల్లకి ఒక బతుకు ఇచ్చిన గొంతు. ఆయనకి ఏడుపొచ్చింది, రోడ్డు పక్క నిలబడి తుడుచుకున్నాడు. పెట్టె వల్ల పోయిందనుకుంటే ఎంత బాగుండేది! అన్నేళ్ల చాకిరీ ఎక్కడా జమ కాలేదు. ఆవిడదీ కాలేదు, తనదీ కాలేదు. అపూర్వ చెప్పింది తన పెట్టె గురించే అనుకున్నాడు అప్పుడు. ఇంటికెళ్లి ఏం చెప్పాలి? నీ గొంతు ముసలిదైపోయిందట అనాలా? ఆ మాట విన్నాక ఆవిడ రేపటి నుంచి ఆ గది తుడుస్తుందా? మెట్లెక్కేసరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు.

శ్యామల తలుపు తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"కూర్చో. ఒక సంగతి చెప్పాలి," అన్నాడు. "ఆ రోజు నేను మూడో పెట్టె ఆపలేదు. దుప్పట్ల వెనక పెట్టాను. ఆ మోత నీ మాటల కింద పడింది. అరవింద్ దగ్గర్నుంచే వస్తున్నాను."

ఆవిడ కూర్చోలేదు.

"మోత వల్లే తీసేశారట. గొంతు మాత్రం బ్రహ్మాండంగా ఉందన్నాడు. అప్పటి గొంతు అప్పటిలాగే ఉందన్నాడు. నా వల్ల పోయింది శ్యామలా."

అప్పుడు తిట్టింది. అయ్యో, ఏం తిట్టు! కాపురానికి వచ్చినప్పట్నుంచి దాచుకున్నదంతా ఒక్కసారే బయటపడింది. "షాట్ మధ్యలో పక్షి అరిస్తే పక్షిని కూడా తోలే మనిషి, పెళ్లాం నోరు విప్పితే ఒక్క గంట ఫ్యాను ఆపలేకపోయారా? మీ కథకి నేనెప్పుడైనా అడ్డం వచ్చానా? నా గది తీసుకున్నారు, ఊరుకున్నాను. నా నోటి దగ్గర మాట కూడా లాక్కున్నారు!" అరిచింది, ఏడ్చింది, తలుపు గట్టిగా కొట్టింది. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు. ఆవిడ గొంతు గోడలకి తగిలి మోగుతుంటే ఆయనకి బతికినట్టే ఉంది. తిట్టు తల్లీ, తిట్టు, అనుకున్నాడు.

అలిసిపోయి కుర్చీలో కూలబడింది. చాలాసేపటికి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

"బ్రహ్మాండంగా ఉందన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటే అన్నాడు."

"అనుకున్నాను. ఆ కొడుకు దగ్గర బాగా వచ్చిందని నాకు అప్పుడే తెలుసు." ఆవిడ లేచి కళ్లు కడుక్కుని వచ్చింది. "ఆ పెట్టెలు ఇవాళే తీసెయ్యండి. రేపు ఎవరైనా పిలిస్తే మళ్లీ ఇదే గోలవుతుంది."

పరబ్రహ్మం గదిలోకి వెళ్లి మూడు వైర్లూ పీకాడు. మూడో పెట్టె తెర మీద అంకె ఇంకా పెద్దదయింది. పీకగానే పోయింది. ఇంత తేలికా అనుకున్నాడు. మైకు స్టాండు మూలనుంచి తెచ్చి మధ్యలో నిలబెట్టి, పైన గుడ్డ దులిపి కప్పాడు.

శ్యామల గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"పిలుస్తారంటారా, మళ్లీ?"

"ఎందుకు పిలవరు? గొంతు అలా ఉండగా పిలవక ఎక్కడికి పోతారు," అన్నాడు పరబ్రహ్మం, ఆవిడ మొహం వైపు చూడకుండా.